గుత్త అయిపోయింది సారూ

బట్టలు కుట్టే ఫ్యాక్టరీల్లో సూపర్‌వైజర్లుగా చేరే పిల్లలకు పనికొచ్చేలా నా అనుభవాలు రాయమని ఒక మిత్రుడు అడిగాడు. అతను నన్ను పనిలో ఎప్పుడూ చూడలేదు. చూసి ఉంటే అడిగేవాడు కాదు.

నా వృత్తి ఏమిటంటే, ఇతరుల చేత త్వరగా పని చేయించడం. నా సంగతి వేరు. నేను చాయ తాగడం మొదలుపెడితే, మా ఆవిడ విజయ అన్నం వార్చి, కూర దించి, వచ్చి "ఇంక అయిపోలేదా" అని కప్పు అడుగుతుంది. ఇలాంటి మనిషి మెడలో స్టాప్‌వాచీ వేసుకుని సగం జీవితం సోలాపూర్, భివండి మిల్లుల్లో, తెలంగాణకు తిరిగొచ్చాక మిగిలింది నార్కట్‌పల్లి దాటాక హైవే పక్కనున్న ఒక చొక్కాల షెడ్డులో "జల్ది, జల్ది" అంటూ గడిపాడు. దానికి జీతం కూడా తీసుకున్నాడు. ఏ ఏడు ఏ హోదా వచ్చిందో ఇక్కడ రాయను. వచ్చినవి తక్కువ, అందులో నా గొప్ప ఇంకా తక్కువ.

గోడ మీద బొగ్గు

మాది నారాయణపేట, మగ్గం ఇల్లు. బాపు గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. అమాస నాడు మా వాడలో ఎవరూ నేతకు కూర్చునేవారు కాదు. నేను డిప్లొమా చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, బాపుకే పాఠం మొదలుపెట్టాను. అమాసలకు కూడా నేస్తే ఏడాదికి ఎన్ని చీరలు ఎక్కువ దిగుతాయో బొగ్గుతో గోడ మీద రాసి చూపించాను.

బాపు శ్రద్ధగా విన్నాడు.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా. మరి గుంట ఎప్పుడు ఊడ్వాలె? తాళ్లు ఎప్పుడు బిగియ్యాలె? నడుము ఎప్పుడు వాల్చాలె?"

"పని అయిపోయినంక చేసుకోవచ్చు గద బాపు."

"పని అయిపోయేదుంటదారా? మనం ఆపితేనే అది ఆగుతది."

తర్వాత, సున్నం వేసిన గోడ ఖరాబు చేసినందుకు తడిబట్ట ఇచ్చి నాతోనే తుడిపించాడు. ఎంత రుద్దినా మరక పూర్తిగా పోలేదు. నా పంతులుతనమూ పోలేదు. దాన్ని మూట కట్టుకుని సోలాపూర్ బస్సెక్కాను.

సీటీ సారు

ఇక షెడ్డు సంగతి. అందులో పనిచేసేది చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు. ఒక చొక్కా ఒక్కరు కుట్టేది కాదు. ఒకరు కాలర్ కుడితే ఇంకొకరు జేబు, మరొకరు చేతి కఫ్. అందరూ వరుసగా కూర్చుంటారు. మధ్యలో ఒక చెయ్యి ఆగిందంటే ఆ చెయ్యి ముందు బట్ట గుట్ట పడుతుంది, తర్వాతి చేతులు ఖాళీగా చూస్తుంటాయి. ఆ గుట్టలు పడకుండా చూడడమే నా కొలువు.

ఓనరు నాకన్నా చిన్నవాడు. కట్టంగూర్ దిక్కు రైతు కుటుంబం. ఇప్పటికీ పొలం చేయిస్తాడు. నన్ను "భాస్కరన్నా" అని పిలిచేవాడు. మనిషి మంచివాడే. అతనికి ఒకే భయం, ఖాళీ కుర్చీ. కుర్చీలో మనిషి కూర్చుని ఉంటే పని జరుగుతున్నట్టే అతని లెక్క. నాదీ అదే లెక్క కాబట్టి మాకు బాగా కుదిరింది.

మిషన్ల మోతలో నా గొంతు వినిపించేది కాదు. నల్గొండ పోయి ఒక ఈల కొన్నాను. ఇక కోతికి కొబ్బరికాయ దొరికినట్టే అయింది. పని మొదలుకు ఈల, మంచినీళ్లకు పోయినవాళ్లు తిరిగి రావడానికి ఈల, ఇద్దరు మాట్లాడుకుంటే ఈల. కొన్నాళ్లకు వాళ్లు నాకు ఒక పేరు పెట్టినట్టు తెలిసింది. సోలాపూర్, భివండి చూసి వచ్చినవాణ్ని కదా, "సిటీ సారు" అంటున్నారని ఇంటికెళ్లి విజయకు గర్వంగా చెప్పాను. విజయ ఒక్క క్షణం ఆలోచించి, "సిటీ కాదేమో, సీటీ అయి ఉంటది" అన్నది. మరునాడు చెవులు రిక్కించి విన్నాను. సీటీయే. ఈల సారు.

ఆ పేరు పెట్టింది సైదమ్మ. కట్టంగూర్ మనిషి, కాలర్ మీద కూర్చునేది. ఆమె గొంతుకు మాత్రం ఈల అవసరం లేదు, మిషన్లను దాటి వినిపించేది. సైదమ్మకు ఒక బర్రె ఉంది. ఆమె చెయ్యి తగిలితే తప్ప అది పాలు చేపదు, ఇంకెవరు పోయినా తన్నుతుంది. షిఫ్టు ఆరింటికి అయిపోతే, బస్సు దొరికి ఇల్లు చేరేసరికి చీకటి పడేది. "సారు, జర ముందుగల్ల ఇడువు" అని రోజూ అడిగేది. నేను రూలు చెప్పేవాణ్ని. "నీ రూలు మా బర్రెకు తెల్వది సారు" అనేది.

రేణుక ఆమె ఊరి పిల్లే. కఫ్‌లు కుట్టేది. ఆమె భర్త గీత కార్మికుడు. తాటిచెట్టు మీంచి పడి మంచం పట్టాడు. ఆ ఇల్లు ఈమె జీతం మీదే నడిచేది. అందరిలోకీ నిదానం ఈమెదే, గుట్ట పడేది ఈమె ముందే. నేను పోయి వెనక నిలబడి స్టాప్‌వాచీ నొక్కేవాణ్ని. నొక్కినకొద్దీ ఆమె చెయ్యి ఇంకా ఆగేది. దారం తెగేది. విప్పి మళ్లీ కుట్టేది. నా నిలబడడమే ఆ గుట్టకు కారణమన్న ఆలోచన ఉత్పాదకత నిపుణుడినైన నాకు రాలేదు.

ఆ వానాకాలం ఓనరు చెప్పేశాడు. "అన్నా, ఈ సీజన్ దాంక చూద్దాం. నిదానం ఉన్నోళ్లను తీసేద్దాం. ముందుగాల ఆ కఫ్ పిల్లను." ఆ మాట రేణుకకు నేనే చేరవేశాను. ఆమె తల వంచుకుని కఫ్ విప్పుతూనే ఉంది. నాకు అన్నం సయించలేదు, కానీ ఈల మాత్రం మర్చిపోకుండా ఊదాను.

ఒడ్డు మీద బూట్లు

ఇంతలో నాట్లు పడ్డాయి. షెడ్డులో సగం కుర్చీలు ఖాళీ. నాకు కోపం నషాళానికి అంటింది. ఇంత నీడ, ఫ్యాను, నెల జీతం, ఇవన్నీ వదిలేసి బురదలోకి పోతారా? స్కూటర్ వేసుకుని కట్టంగూర్ పోయాను, సైదమ్మను నిలదీద్దామని.

పొలంలో అందరూ నా వాళ్లే. వరుసగా వంగి నాటు వేస్తున్నారు. నేను చూసింది నమ్మలేకపోయాను. షెడ్డులో దారం ఎక్కించడానికి పూట పట్టించే చేతులు అక్కడ నారును మెరుపులాగా గుచ్చుతున్నాయి. ఒకామె పాట అందుకుంటే మిగతావాళ్లు వంత పాడుతున్నారు. రేణుక వెనకబడితే, అటూ ఇటూ ఉన్నవాళ్లు ఆమె వంతులో కూడా రెండు కుదుళ్లు నాటి ఆమెను వరుసలో కలుపుకుంటున్నారు. స్టాప్‌వాచీ తీద్దామని మెడ మీద చెయ్యి వేశాను. ఆ హడావిడిలో బూటు జారి, ఇస్త్రీ ప్యాంటుతో సహా మడిలో కూలబడ్డాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని చిన్నప్పుడు చదువుకున్నాను. పడ్డాక గుర్తొచ్చింది.

"సారు, జర పక్కకు జరుగు. నారు తొక్కుతున్నవ్," అన్నది సైదమ్మ, చెయ్యి ఆపకుండానే.

"ఇక్కడ ఇంత జోరుగా చేస్తున్నరు. షెడ్డుల ఏమైతది మీకు?" అన్నాను, బురదలో కూర్చునే.

"గిది గుత్త సారు. గాడ కూలి."

"కూలి ఏంది? నెల జీతం ఇస్తున్నం. అది నౌకరి."

ఆమె నడుము నిలబెట్టి నా దిక్కు చూసింది. "పొద్దుందాక కూసోవెడితే కూలే. నెలకొక్కపారి ఇస్తే నౌకరి అయితదా? గాడ నేను జల్ది చేస్తే ఏమొస్తది? ఇంకో కట్ట దెచ్చి ముందర ఏస్తవ్. గీడ జల్ది అయితే ఇంటికి పోతం."

తెలియనివాళ్ల కోసం చెబుతాను. గుత్త అంటే, ఈ మడంతా నాటు వెయ్యాలి, దానికి ఇంత అని పొద్దున్నే ఒడ్డు మీద మాట్లాడుకుంటారు. అయిపోయిందంటే కాళ్లు కడుక్కుని వెళ్లిపోతారు. ఎండ నెత్తిమీదున్నా ఎవరూ ఏమనరు. మా ఊళ్లో ఈ మాట వింటూనే పెరిగాను. అయినా అది నా చదువులోని మాటేనని తోచడానికి బురదలో పడాల్సి వచ్చింది.

నేనొకటి అన్నాను, వాళ్లొకటి విన్నారు

నాట్లు అయి అందరూ తిరిగొచ్చాక షెడ్డులో ప్రకటించాను. "రేపటి నుంచి గుత్త. ఎవరి పని వాళ్లకు చెప్తా. అయినోళ్లు అయినట్టు ఇంటికి పోవచ్చు." ఓనరు ఊళ్లో లేడు, ఫోన్లో అడిగితే "చూడన్నా, నువ్వే చూడు" అన్నాడు. నా మనసులో ఉన్నది వేరు. చురుకైనవాళ్లు ముందే పోతుంటే మందకొడివాళ్లు సిగ్గుపడి పరుగెత్తుతారు, లేదంటే వాళ్లంతట వాళ్లే మానేస్తారు, రేణుకను తీసేసే పాపం నా మెడకు చుట్టుకోదు. ఇదీ నా తెలివి.

మొదటి రోజు సైదమ్మ వంతు అందరికన్నా ముందు అయిపోయింది. లేచింది. నేను సంతోషంగా తలుపు చూపించాను. ఆమె తలుపు దిక్కు పోలేదు. కుర్చీ లాక్కుని రేణుక పక్కన కూర్చుని, కఫ్‌ల గుట్టలో సగం తన దిక్కు జరుపుకుంది. కాసేపటికి ఇంకొకామె, ఆ తర్వాత మరొకామె.

"సైదమ్మా, నీది అయిపోయింది. నువ్వు పో."

"ఎట్ల పోత సారు? గుత్త అంటివి గద."

"అందుకే పొమ్మంటున్న."

ఆమె నన్ను మతి లేనివాణ్ని చూసినట్టు చూసింది. "గుత్తకు వచ్చినంక ఒక్కదాన్ని మడిల ఇడిసి పోతరా ఎవరన్న?"

నేను ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయాను. నేను గుత్త అన్నది ఒక్కొక్కరి సంగతి. వాళ్ల భాషలో ఒక్కరి గుత్త అనేదే లేదు. దిగేది కలిసే, ఎక్కేది కలిసే. ఆ రోజు అందరూ ముందు బస్సు అందుకున్నారు. సైదమ్మ బర్రె పొద్దుండగానే చేపింది. చొక్కాలు కూడా నా పోటీ పథకంలో రాగలవనుకున్న వాటికన్నా ఎక్కువే వచ్చాయి. ఓనరు మెచ్చుకుంటే "ఏదో, నా ఆలోచన" అన్నాను.

రేణుక చెయ్యి కూడా మెల్లగా దారికొచ్చింది. వెనక నేను నిలబడడం మానేశాను, పక్కన సైదమ్మ కూర్చోవడం మొదలైంది. తేడా అంతే.

అయితే గుత్తను నెత్తిన పెట్టుకోవద్దు. దాని రోగం దానికుంది. గుత్త నాటు పలచన అని రైతులు ఊరికే అనరు. కొన్నాళ్లకు కుట్లు వదులయ్యాయి, బటన్లు ఊడాయి. కొన్న కంపెనీ ఒక లాటు మొత్తం వెనక్కి పంపింది. సైదమ్మ మిషన్లదే తప్పని వాదించింది. తప్పు మిషన్లది కాదు, ఇంటికి పోయే తొందరది. బురదలో పడ్డ రోజు పొలంలో ఒక సంగతి నేను చూసే ఉన్నాను. కాళ్లు కడుక్కోబోతుంటే రైతు ఒక మూల చూపించి "గీడ పలచనైంది" అన్నాడు. సైదమ్మ గొణిగింది కానీ మళ్లీ దిగి నాటింది. అదే గుర్తు చేశాను. "కాళ్లు కడిగే ముందే చూపియ్యాలె. అది గూడ గుత్తే గద?" ఆమె మూతి ముడుచుకుని, "ఔ, అది గూడ గుత్తే" అని ఒప్పుకుంది. నా ఉద్యోగ జీవితంలో సైదమ్మ మీద నేను గెలిచింది అదొక్కసారే కాబట్టి రాసుకుంటున్నాను.

ఖాళీ కుర్చీలు

ఒకనాడు ఓనరు ఎవరినో వెంటబెట్టుకుని షెడ్డు చూపించడానికి వచ్చాడు. బయట ఎండ ఉంది, లోపల ఒక్క మనిషి లేదు. నేను ఒక్కణ్నే చాయ తాగుతున్నాను, నా పద్ధతిలో.

"అన్నా, ఇంత పొద్దుండంగ ఇంటికి పోయిండ్రా? అంటే పని తక్కువున్నట్టు గద. రేపటి నుంచి ఇంకింత పెంచు."

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. ఇది నాకు అప్పుడే తోచింది. నోటితో మాత్రం "సరే" అన్నాను. నా తల పైకీ కిందికీ తప్ప పక్కలకు ఊగడం నేర్చుకోలేదు.

మరునాడు చెప్పాను. ఎవరూ అరవలేదు. సైదమ్మ ఒక్క మాట అన్నది. "మడిల దిగినంక బేరం మారుస్తరా సారు?" అంతే, పోయి తన కుర్చీలో కూర్చుంది. ఆ రోజు నుంచి అందరూ ఆరింటి దాకా పద్ధతిగా కూర్చున్నారు. ఎవరి చెయ్యీ ఆగలేదు, ఎవరి చెయ్యీ కదిలినట్టూ లేదు. కుర్చీలన్నీ నిండుగా ఉన్నాయి, చొక్కాలు లేవు. రేణుక ముందు మళ్లీ గుట్ట. ఆర్డరు ఆలస్యమయ్యేలా ఉంది. ఓనరు ఫోన్ చేసి, "ఆ కఫ్ పిల్లను రేపే పంపెయ్యి. మిగతోళ్లు దారికొస్తరు" అన్నాడు.

నాకు అప్పుడు నిజంగా భయమేసింది. ఆ పిల్ల ముఖం, మంచంలో ఉన్న ఆమె మనిషి కళ్ల ముందు కదిలారు. ఫోన్లో మాట్లాడితే మళ్లీ "సరే" అంటానని నా మీద నాకు నమ్మకం. అందుకని అతని పొలానికే పోయాను. యాసంగి నాట్లు నడుస్తున్నాయి. ఓనరు గొడుగు పట్టుకుని ఒడ్డు మీద ఉన్నాడు. ఈసారి నేను బూట్లు విప్పి చేతిలో పట్టుకున్నాను. అనుభవం అంటే అదే.

"గుత్తకేనా?" అన్నాను.

"గుత్తకే అన్నా. లేకుంటే అయితదా?"

"జల్దే అయ్యేటట్టుంది. ఇంకా పొద్దున్నది. పక్క మడి గూడ గిదే గుత్తల ఎయ్యమనరాదు?"

"నీకేమన్న పిచ్చా అన్నా? గట్లంటే వచ్చే ఏడు నా పొలానికి ఒక్కతి రాదు. ఊరంత నవ్వుతరు."

షెడ్డులో మనం చేసిందీ అదే కదా అనాలనుకున్నాను. అనడానికి ధైర్యం చాలలేదు. బూట్లు పట్టుకుని అట్లే నిలబడ్డాను. అతను నావైపు చూశాడు, మడిలోకి చూశాడు. కాలువలో దిగి చాలాసేపు కాళ్లు కడుక్కున్నాడు.

"సరే అన్నా. పాతదే ఉండనీ. కొత్త రకం చొక్కా వస్తె ముందుగాలనే కూసొని మాట్లాడుదాం. మద్దెల కాదు."

"కఫ్ పిల్ల?"

"గుత్తల ఒక్కదాన్ని తీసేస్తె మిగతోళ్లు ఊకుంటరా? ఉండనీ."

పిల్లలకు

పని చేయించే ఉద్యోగంలో చేరేవాళ్లకు నేను చెప్పగలిగేది ఇంతే. మన దగ్గర మనుషులు మందకొడి కారు. మిగిల్చిన పొద్దు ఎవరికి పోతుందని చూస్తారు. అది మనకే పోతే వాళ్లెందుకు తొందరపడాలి? దీనికి పెద్ద చదువు అక్కర్లేదు, కానీ పెద్ద చదువు దీన్ని బాగా మరిపిస్తుంది. గుత్త అన్ని చోట్లా మందు కాదు. బేరం ఒడ్డు మీద కాకుండా ఎక్కడో ఆఫీసులో తేలితే, అదే గుత్త మనిషి నడుము విరుస్తుంది. భివండిలో అలా విరిగినవాళ్లను చూశాను. మా షెడ్డులో కూడా జీతాలు గొప్పగా ఏమీ పెరగలేదు. ఆ విషయంలో నేను చేసింది సున్నా. వాళ్లకు దక్కింది కాస్త వెలుతురు.

వీడ్కోలు

నేను రిటైరైన రోజు షెడ్డులోనే సభ పెట్టారు. ఓనరు శాలువా కప్పి, దండ వేసి, ఇంటికి కారులో దింపుతానన్నాడు. నేను నా ఈలను సైదమ్మకు బహుమతిగా ఇచ్చాను. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఉపన్యాసం మొదలుపెట్టాను. చాయ ఎలా తాగుతానో ఉపన్యాసమూ అలాగే ఇస్తాను. నారాయణపేటలో మొదలై, అమాసలు దాటి, సోలాపూర్ చేరేసరికే కిటికీలో ఎండ వాలింది. భివండి ఇంకా మిగిలే ఉంది.

అప్పుడు ఈల మోగింది.

సైదమ్మ లేచి నిలబడి ఉంది. "గుత్త అయిపోయింది సారూ. బస్సు యాళ్లయింది."

అంతే, కుర్చీలు కిర్రుమన్నాయి. టిఫిన్ డబ్బాలు, సంచులు, చెప్పుల చప్పుడు. నేను నోరు తెరిచి ఉండగానే షెడ్డు ఖాళీ అయింది. ఓనరు పడీపడీ నవ్వాడు. "అన్నా, చూడు, కుర్చీలెంత మంచిగ ఖాళీ అయినయో" అన్నాడు. ఖాళీ కుర్చీ అంటే వణికిపోయే మనిషి అన్న మాట అది. నేను శాలువా మడతపెడుతున్నట్టు నటించాను.

బయట మళ్లీ ఈల. రేణుక పరుగెత్తుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"సారు, నువ్వింక గీడనే ఉన్నవేంది? సైదమ్మక్క బస్సు ఆపిచ్చింది."

"మీరు పోండమ్మా. నాకు కారుంది."

"గట్లెట్ల సారు? గుత్తకు వచ్చినంక ఒక్కల్ని ఇడిసి పోతమా?"

దండ మెడలో ఉండగానే బస్సెక్కాను. కట్టంగూర్‌లో వాళ్లు దిగిపోయారు, నేను నకిరేకల్‌లో దిగి ఇంటికి నడిచాను. పొద్దు ఇంకా గూకలేదు. తలుపు తీసిన విజయ నన్ను చూసి బెదిరిపోయింది. అన్నేళ్ల కాపురంలో నేను వెలుతురుండగా ఇల్లు చేరడం ఆమె చూడలేదు.

"ఏమైంది? పానం మంచిగ లేదా?" అని నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"ఏం గాలేదు," అన్నాను. "గుత్త అయిపోయింది."